మూసిన గని – ముగియని బాధ్యత

మా తండ్రిగారు బొగ్గు గనిలో పనిచేసినవారు. షిఫ్టు మొదలు కాగానే మైనింగ్ సర్దార్ చేసే తొలి పని పైకప్పును కర్రతో తట్టి వినడమని ఆయన చెప్పేవారు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడిన కప్పు డొల్లగా పలుకుతుంది. నిన్న తట్టాము గదా అని నేడు మానుకునే సర్దార్ తోటివారి ప్రాణాలకు ముప్పు తెచ్చినవాడే. అయితే బొగ్గు తరిగి గని మూతబడిన నాడు, ఈ తట్టి వినే అలవాటు కూడా చాలాచోట్ల దానితోపాటే మూతబడుతున్నది. అలా మూతబడరాదన్నదే ఈ వ్యాసంలో నేను విన్నవించదలచిన విషయం.

బొగ్గుతో మన ప్రాంతానికి గల సంబంధం నిన్నటిది కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించారు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఈ బొగ్గు రైళ్లను నడిపింది, దీపాలను వెలిగించింది, మా వంటి ఎన్నో ఇళ్లలో పొయ్యి రాజేసి పిల్లలను కళాశాల గడప తొక్కించింది. కనుక బొగ్గును నిందించడానికి నేను కలం పట్టలేదు. కాని బొగ్గు తరిగిపోయేది, నేల మిగిలిపోయేది. మిగిలే నేలను ఏ స్థితిలో మిగులుస్తున్నామన్నదే ప్రశ్న.

ఉపరితల గనిలో బొగ్గు కోసం ముందుగా పైమన్నును, దాని కింది రాతి పొరలను తొలగిస్తారు. జానెడు మందం గల సారవంతమైన పైమన్ను ఏర్పడడానికి ప్రకృతికి శతాబ్దాలు పడుతుంది. దానిని విడిగా తీసి, త్వరగా తిరిగి పరచకపోతే అందులోని సూక్ష్మజీవులు, విత్తనాలు నశించి అది ఉత్త మట్టి అవుతుంది. భూగర్భ గనిలో స్తంభాలను కూడా తీసివేసిన చోట పైనేల కొంతకాలానికి కుంగవచ్చు. నీటిని తోడే పంపులు ఆగిన తరువాత గనిలో నీటిమట్టం మెల్లగా పైకి వస్తుంది. రాతిలో గంధకపు ఖనిజాలు ఉంటే ఆ నీరు ఆమ్లగుణం పొందవచ్చు. ఈ మార్పులు గేటుకు తాళం వేసిన నాడు కనిపించేవి కావు. ఏండ్ల తరబడి నెమ్మదిగా బయటపడేవి.

మరి మనం చేస్తున్నదేమిటి? మట్టి గుట్టపై మొక్కలు నాటుతాము, ఎన్ని నాటామో లెక్క ప్రకటిస్తాము. నాటడం మంచిదే. కాని నాటిన లెక్క వేరు, బతికిన లెక్క వేరు. ఒకే జాతి చెట్లు వరుసగా పచ్చగా నిలిచినంత మాత్రాన అది అడవి కాదు. ఇప్ప, మోదుగ, నేరేడు తమంతట తాము మొలిచి, పశువు మేసి, పిట్ట గూడు కట్టిన నాడు నేల కోలుకున్నదని చెప్పవచ్చు. పచ్చదనం ప్రారంభం మాత్రమే, ప్రమాణం కాదు.

గమనింపు లోపిస్తే ఏమవుతుందో 1966 అక్టోబరు 21న వేల్స్ దేశంలోని అబర్‌ఫాన్ గ్రామం చూసింది. అక్కడి గని వ్యర్థాల గుట్టను నీటి ఊట ఉన్న చోట పోశారు. తడిసిన ఆ గుట్ట ఒక ఉదయం జారి బడిపై పడింది. 144 మంది మరణించారు; వారిలో 116 మంది పిల్లలు. గుట్ట కింది నీటిని ఎవరూ పట్టించుకోకపోవడమే వారికి శాపమైంది. అది నడుస్తున్న గని. నడుస్తున్న గని గుట్టకే కావలి కరువైతే, మూసిన గని గుట్టకు కావలి ఎవరు?

ఈ ప్రశ్నకు చట్టాలు కొంత సమాధానం చెప్పాయి. అమెరికాలో 1977 నాటి చట్టం గని యజమాని నుండి ముందే పూచీకత్తు తీసుకొమ్మన్నది. పచ్చదనం నిలకడకు ఐదేండ్లు, ఏటి సగటు వాన 26 అంగుళాలు మించని ప్రాంతాలలో పదేండ్లు అతడే బాధ్యుడన్నది. మన దేశంలో బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మూసివేత ప్రణాళికకు మార్గదర్శకాలు జారీ చేసి, ఉపరితల గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి 1 లక్ష చొప్పున ప్రత్యేక ఖాతాలో జమ చేయాలని నిర్ణయించింది. 2013 నాటి సవరణలో మూసివేత తరువాత గాలి, నీటి పరీక్షలకు మూడేండ్ల కాలాన్ని లెక్కకట్టారు. తవ్విన నేలపై తిరిగి గడ్డి పెంచాలనే షరతును గని లీజులలో చేర్చవలసిందిగా 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఇవన్నీ హర్షణీయం. కాని మూడేండ్లలో వేప చెట్టు కూడా సరిగా నీడనివ్వదు. తరాల తరబడి తవ్విన నేలను మూడేండ్లు చూసి చేతులు కడుక్కోవడం న్యాయమా?

దీర్ఘకాలం గమనించడం ఖర్చుతో కూడినదని కొందరంటారు. యంత్రాలతో చేసే పరీక్షలకు ఖర్చు నిజమే; అది గని లాభం అనుభవించినవారు భరించవలసినదే. కాని ఊరివారు చేయదగినది కూడా ఉన్నది. మన విద్యార్థులలో పలువురు బొగ్గు పట్టణాల నుండి వచ్చినవారే. సెలవులకు ఇంటికి వెళ్లినపుడు, మూసిన గనికి దగ్గరగా ఉన్న బావిలో నీరు ఎన్ని అడుగుల లోతున ఉన్నదో తాడుతో కొలిచి, ఆమ్లగుణాన్ని రసాయన కాగితంతో పరీక్షించి, తేదీ వేసి రాసుకురాలేరా? భాషా విద్యార్థులకూ పని ఉన్నది. ఆ నేల మీద పూర్వం ఏ పంట పండేది, ఏ వాగు పారేది, ఏ చెట్టు కింద సంత జరిగేది – పెద్దలను అడిగి తెలుగులోను, ఉర్దూలోను రాయండి. పూర్వస్థితి ఏమిటో ఎరుగనివారు నేలను పూర్వస్థితికి తెచ్చామంటే నమ్మడమెలా?

కళాశాల పాలక సంఘం వారికి నా మనవి ఇంతే: గ్రంథాలయంలో దీనికొక రిజిస్టరు పెట్టించండి. రసాయన, వృక్షశాస్త్ర శాఖలకు దాని బాధ్యత అప్పగించండి. ఒక తరగతి వెళ్లిపోతే మరొక తరగతి అందుకోవాలి. పదేండ్ల తరువాత ఆ రిజిస్టరు ఏ నివేదిక ముందైనా సాక్ష్యంగా నిలబడుతుంది.

అమానతు అనే మాట మన ఉభయ భాషలకూ తెలిసినదే. ఒకరి సొమ్మును మన వద్ద ఉంచుకొని, అడిగిన నాడు చెక్కుచెదరకుండా అప్పగించడం దాని నీతి. బొగ్గు మనం అనుభవించాము. నేల మాత్రం రాబోయేవారి అమానతు. దానిని అప్పగించేదాకా తట్టి చూస్తూ, ఏమి పలుకుతుందో వింటూ ఉండడం మన విధి.