నాన్న వస్తే నోరు మూత!

పొద్దుగూకి నాన్న చెప్పుల చప్పుడు వాకిట్లో వినిపించగానే, అంతదాకా అల్లరి చేసిన పిల్లలు నాయనమ్మ చాటుకు చేరడం పల్లెల్లో తరచూ కనిపించే దృశ్యం. పగలంతా తల్లులు ‘మీ నాన్న రానీ, నీ పని చెబుతా’ అని బెదిరించిన ఫలితమిది. ‘నేనంటే మావాడికి హడల్’ అని రచ్చబండ దగ్గర గొప్పగా చెప్పుకునే తండ్రులకు కొదువ లేదు. ఆ హడలు వల్ల పిల్లవాడు బుద్ధిమంతుడవుతున్నాడా, దాపరికం నేర్చుకుంటున్నాడా అన్నది ఆలోచించవలసిన విషయం.

వేసవిలో ఈత సంగతే చూడండి. వెనుకటి రోజుల్లో తండ్రో, మేనమామో ఎండిన సొరకాయ బుర్ర కట్టి, బావిలో దింపి, దగ్గరుండి ఈత నేర్పేవారు. ఇప్పుడు నేర్పే తీరిక లేదు. ‘బావి వైపు వెళితే కాళ్లు విరగ్గొడతా’ అన్న మాట మాత్రం మిగిలింది. పిల్లలు వెళ్లడం మానలేదు, చెప్పకుండా వెళుతున్నారు. చేతిని గోటితో గీరితే తెల్లచార పడి దొంగతనం బయటపడుతుందని భయపడుతూనే, ఎండలో జుట్టు ఆరబెట్టుకుని మరీ ఇల్లు చేరుతున్నారు. ఒకడు మునిగినా తోటివాళ్లు పెద్దలకు చెప్పడానికి జంకుతారు. గట్టున విడిచిన బట్టలను బట్టి సాయంత్రానికి గాని సంగతి తెలియని సందర్భాలున్నాయి.

ఆడపిల్లల విషయం ఇంకా బరువైనది. పక్క ఊరి హైస్కూలుకు వెళ్లే దారిలో ఎవడో వెంటపడుతుంటే ఆ పిల్ల ఇంట్లో చెప్పదు. చెబితే వాడికేమవుతుందో తెలియదు గాని, తన చదువు మాత్రం మర్నాడే ఆగుతుందని, ఆపైన సంబంధాలు చూస్తారని ఆమెకు తెలుసు. వెంటపడేవాడి ధైర్యమూ అదే. పెద్దమనిషి అయిన నాటి నుంచి కూతురితో మాటలు తగ్గించే తండ్రులు దాన్ని మర్యాద అనుకుంటారు. కూతురికి అది తలుపు మూసినట్లుంటుంది.

‘కళ్లు రెండూ వదిలి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ’ అని పిల్లవాణ్ణి బడిలో అప్పగించి వచ్చే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. బడిలో కొట్టడాన్ని, మనసు నొప్పించేలా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంటి సంగతి వేరు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చినా కొన్ని ఇళ్లలో చర్నాకోల దూలానికి అలాగే వేలాడుతోంది. ఎవరి కోసమో పిల్లలకు తెలుసు.

పది, ఇంటర్ ఫలితాల రోజుల్లో ఈ భయం ప్రాణాల మీదికి తెస్తుంది. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పట్లో మార్కుల లెక్కల్లోనే తప్పులు దొర్లాయి. అన్నింటికీ ఇంటి భయమే కారణమనడానికి లేదు. అయితే తప్పిన సబ్జెక్టుకు ఆ ఏడాదే సప్లిమెంటరీ పరీక్ష ఉంటుందని తెలిసిన పిల్లలు కూడా ‘ఇంటికెలా వెళ్లేది’ అని కుమిలిపోతారు. ‘తప్పినా ఇంటికి రా, అన్నం తిన్నాక చూద్దాం’ అన్న మాట ఫలితాలకు ముందే తండ్రి నోట రావాలి. తల్లి చెబితే సరిపోదు, వాళ్లు భయపడేది ఆమెకు కాదు. దిగులు మరీ ఎక్కువగా కనిపిస్తే టెలీ మానస్ వారి 14416 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు.

తండ్రుల బాధలూ చిన్నవి కావు. అప్పు తెచ్చి వేసిన పత్తి ఎర్రబారితే ఇంటికొచ్చేసరికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం పిల్లవాడి మీదిది కాదని తండ్రికి తెలుసు. పిల్లవాడికి తెలియదు.

ఎదురుగా నిలబెట్టి ‘చెప్పరా’ అంటే ఎవడూ చెప్పడు. చేనుకు నీళ్లు పెట్టేటప్పుడు వెంట తీసుకెళ్లి, చిన్న పార చేతికిచ్చి మడవ మార్చమంటే చాలు. మార్కుల ఊసెత్తకూడదు. మొదటి రోజు కప్పల గురించి, తూనీగల గురించి చెబుతాడు. పది రోజులు పోయాక, బస్సులో తన డబ్బులు లాక్కుంటున్న పెద్ద కుర్రాడి గురించి చెబుతాడు. కూతురైనా అంతే. ఆ మాట వచ్చినప్పుడు మాత్రం మడవ సంగతి వదిలేసి గట్టు మీద కూర్చోవాలి. నీళ్లు కాస్త పొర్లినా ఫరవాలేదు.