డాబా తలుపు తాళం

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి పదుల సంఖ్యలో భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఎక్కువ మంది పొగకు ఊపిరాడకే పోయారు. కింద గార్డు గదిలో షార్ట్ సర్క్యూట్‌తో మంట పుట్టింది. గదుల మధ్య అడ్డుగా పెట్టిన సామాను ఇట్టే అంటుకుంది. మెట్ల నిండా పొగ. డాబా మీదికి పోదామంటే తలుపుకు తాళం. ఇలాంటి చోట ఫైరింజను ఎంత తొందరగా వచ్చినా ఆలస్యమే అవుతుంది. తాళం తీయించడం యజమాని బాధ్యత. ఒక్కరే అడిగితే పని పోతుందన్న భయం నిజమే. అందుకే రూముల వాళ్లంతా కలిసి సూపర్‌వైజర్‌ను అడగండి. ఈ రాత్రి డ్యూటీ దిగాక మీ క్యాంపులో డాబా తలుపు ఒకసారి తోసి చూడండి.