పక్షి చోటు మారితే కారణం ఎండేనా?

ఉత్తర అట్లాంటిక్‌లో నీరు వేడెక్కే కొద్దీ శాండీల్ అనే చిన్న చేప తగ్గుతున్నది. దానిని తిని బ్రతికే కిట్టివేక్, పఫిన్ పక్షుల పిల్లలకు గూళ్లలో ఆహారం చాలడం లేదు. దక్షిణపు అంచున ఉన్న స్థావరాలు పలచబడుతున్నాయి. (చేపల వేట కూడా అక్కడ ఒక కారణమే.) సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న సిద్దిపేట జిల్లా ధూళిమిట్టకు ఈ ఉదాహరణను యథాతథంగా అన్వయించడం సరికాదని నా అభిప్రాయం.

ఈ జిల్లాలో 2020లో రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, 2022లో 50 టీఎంసీల మల్లన్న సాగర్ ప్రారంభమయ్యాయి. గల్, టెర్న్ జాతుల్లో కొన్ని లోతట్టు జలాశయాలకూ వస్తాయి. రేపు అవి ఇక్కడ అధికంగా కనిపిస్తే, రప్పించినది కొత్త నీరా, మారిన వాతావరణమా అని తేల్చడానికి పాత లెక్కలు కావాలి. మన క్షేత్ర పుస్తకాలలో పురుగుల లెక్క ఉంటుంది, పక్షుల లెక్క అరుదు.

నెమలి విషయం మరింత చిక్కైనది. దేశంలో దాని సంఖ్య బాగా పెరిగినదని 2023 నాటి భారతదేశ పక్షుల స్థితి నివేదిక తెలిపింది. కేరళలో నెమలి విస్తరణకు వాతావరణం పొడిబారడమే కారణమని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు భావించారు. తడినేల పొడిబారిన చోట అది సమంజసమే. మొదటినుంచీ మెట్ట ప్రాంతమైన సిద్దిపేటకు ఆ వాదన ఎలా సరిపోతుంది? గట్ల మీది పొదలు, బోరు నీరు, ఏడాది పొడవునా దొరికే గింజలు ముందుగా పరిశీలించదగినవి.

ఈ భేదం పాండిత్య విషయం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నెమలిని చంపరాదు, పట్టరాదు. వాతావరణమే కారణమని చెప్పి ఊరుకుంటే, విత్తిన గింజ పోగొట్టుకున్న రైతుకు చేయగలిగినది ఏమీ మిగలదు. పైరుల సరళి కారణమైతే విత్తే సమయం, మెరుపు రిబ్బన్లు, పొలం చుట్టూ పొదల నిర్వహణ గురించి మనం సలహా ఇవ్వవచ్చు. ఉష్ణోగ్రతల పాత్రను నేను కాదనడం లేదు. దానిని విడదీసి చూపమంటున్నాను.

గ్రామీణ కార్యానుభవానికి వచ్చే విద్యార్థులు ఏటా అదే చెరువు వద్ద, అదే నెలలో లెక్కించవచ్చు. తేదీ, పైరు దశ, నీటి మట్టం, పక్షుల సంఖ్య చాలు. సున్నా వచ్చినా రాయాలి. ఒక జాతి ఏ ఏడాది కొత్తగా వచ్చినదో ఆ సున్నాలను బట్టే తెలుస్తుంది.