దేవదాసు కోసం ఏడ్చింది చాలు

మొన్న రాత్రి టీవీలో ‘దేవదాసు’ వేశారు. 1953లో వచ్చిన నాగేశ్వరరావు, సావిత్రుల సినిమాయే. చివరికొచ్చేసరికి మా ఇంట్లో ఆడవాళ్ళందరి కొంగులూ తడిశాయి. అబద్ధమెందుకు, నాదీ తడిసింది. మా పిన్నిగారు ముక్కు ఎగబీలుస్తూ, “ఆ పిల్ల ఒక్క మెట్టు దిగితే బంగారంలాంటి కుర్రాడు బతికిపోయేవాడు కదే!” అన్నారు. అంతే, నా ఏడుపు ఆగి ఒళ్ళు మండిపోయింది.

ఆ పిల్ల దిగలేదా? 1917లో అచ్చయిన శరత్ బాబు నవల ఓసారి మళ్ళీ తీసి చదవండి. పదమూడేళ్ళ పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా జమీందారు ఇంట్లోకి, దేవదాసు గదిలోకి వెళ్ళింది. ఎవరి కంటనైనా పడితే తన బతుకేమవుతుందో తెలిసే వెళ్ళింది. ఆడపిల్ల అంతకంటే ఎంత దిగాలండీ?

మరి బాబుగారేం చేశారు? తండ్రి కసిరేసరికి కలకత్తా వెళ్ళిపోయారు. నీ మీద నాకంత ప్రేమేమీ లేదనే అర్థం వచ్చేలా అక్కణ్ణించి ఉత్తరం రాశారు. తర్వాత మనసు మారి తిరిగొచ్చారు. తను రమ్మనగానే ఆ పిల్ల రావాలి కాబోలు! రానన్నందుకు చేతిలో ఉన్న గాలపు కర్రతో నుదుటి మీద కొట్టారు. రక్తం కారింది, మచ్చ పడింది. ఆ మచ్చని ప్రేమ గుర్తు అనుకుని మనం మురిసిపోతున్నాం. మన పిల్లని ఎవడైనా అలా కొడితే మురిసిపోతామా?

“పెద్దల పంతం, అంతస్తు, ఆచారం అడ్డొచ్చాయి కదమ్మా” అంటారు. కాదనను. కాని ఆ గోడ పార్వతి నెత్తిన పడలేదా? ఎదిగిన పిల్లలున్న రెండో పెళ్ళివాడికి ఆమెని కట్టబెట్టారు. ఆమె ఆ పిల్లలకి తల్లయింది, తన నగలు సవతి కూతురికి పెట్టింది, పెద్ద సంసారం ఈదింది. లోకం వెలివేసిన చంద్రముఖి కూడా ఆ వృత్తి వదిలి పల్లెటూళ్ళో గౌరవంగా బతికింది. చదువూ, ఆస్తీ, ప్రాణం పెట్టే ధర్మదాసూ ఉన్న దేవదాసుకే బతకడం చేతకాలేదు! తండ్రి పోయాక చేతికొచ్చిన వాటా సీసాల పాలు చేశాడు. ఆ సీసా ఎత్తింది విధి కాదు, అతని చెయ్యే.

తాగుడు మానమని పార్వతి బతిమాలింది. తన ఇంటికి వచ్చి సేవ చేయించుకోమంది. వస్తానని మాటిచ్చాడు. ఎప్పుడొచ్చాడు? ప్రాణం పోయేముందు. మాట నిలబెట్టుకున్నాడని మెచ్చుకుంటాం. ఆమెకి దక్కిందేమిటి? గుమ్మం ముందు శవం. అది కూడా కళ్ళారా చూడనివ్వలేదు.

కథలో మనిషి మీద ఇంత కోపమెందుకంటారా? మా బంధువుల్లో ఒక కుర్రాడు, కోరుకున్న పిల్ల కాదందని తాగుడు మొదలెట్టాడు. “మావాడు దేవదాసైపోయాడు” అని వాళ్ళమ్మ కాస్త గొప్పగానే చెప్పుకునేది. తిట్లన్నీ ఆ పిల్లకి. పదేళ్ళు గడిచాయి. వాడికి మరో పిల్లనిచ్చి పెళ్ళి చేశారు. ఇప్పుడా కోడలి చేతికి మట్టిగాజులే మిగిలాయి. అత్తగారి నోట దేవదాసు మాట రావడం లేదు. మొదటి రోజునే ఆ తల్లి “తాగుతున్నది నువ్వురా, ఆ పిల్ల కాదు” అని ఉంటే?

అలాంటి చావు ఎవరికీ రాకూడదని కోరుకోమన్నారు శరత్ బాబు. తప్పకుండా కోరుకుందాం. జాలిపడొద్దని నేననను. కాని జాలిపడుతూ తప్పుని పార్వతి పద్దులో రాయకండి. ఈసారి ఆ సినిమా వేసినప్పుడు పక్కన మీ అబ్బాయి కూర్చుని ఉంటే, కళ్ళు తుడుచుకున్నాక ఆ ఒక్క ముక్కా వాడితో చెప్పండి.