మార్ఫిన్ మీద మోపిన నింద

క్యాన్సర్ ముదిరిన మనిషికి డాక్టరు మార్ఫిన్ రాయగానే ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. "అదిస్తే ఊపిరి ఆగిపోతుందట, వద్దు" అంటారు. చదువుకున్నవాళ్లూ అంటారు, కొందరు వైద్యులూ అంటారు. ఆ మాట నెగ్గిన ఇంట్లో, జబ్బు ఎముకల్లోకి పాకిన మనిషి వెల్లకిలా పడుకోలేడు, పక్కకి ఒత్తిగిలలేడు. దిండు ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చునే ఉంటాడు. అతనికి పారాసిటమాల్ మింగించి జాగ్రత్తపడ్డామనుకోవడం క్రూరత్వం. ఇంతకన్నా మెత్తని మాట నాకు దొరకడం లేదు.

భయం గాల్లోంచి పుట్టలేదు, నిజమే. మార్ఫిన్, ఫెంటానిల్, హెరాయిన్ ఒకే కోవవి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు కాండం పసిగట్టి ఊపిరి జోరు పెంచుతుంది. మోతాదు మించితే ఈ మందులు ఆ పసిగట్టే శక్తినే మొద్దుబారుస్తాయి. గాలి చాలడం లేదన్న సంగతి మనిషికి తెలియదు, ఉక్కిరిబిక్కిరి కాడు, నిద్రలోనే పోతాడు. అమెరికాలో 2021 ఒక్క ఏడాదిలో ఈ కోవ మందులతో 80 వేల మందికి పైగా చనిపోయారు.

వాళ్లలో ఎక్కువమందిని చంపింది దొంగచాటుగా తయారైన ఫెంటానిల్. పొట్లంలో ఎంత ఉందో కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. దానికి మద్యమో నిద్రమాత్రలో తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. కొన్నాళ్లు మానేసి, జైలు నుంచో చికిత్స నుంచో వచ్చి మళ్లీ పాత మోతాదే తీసుకున్నవాళ్లు ఎందరో పోయారు. శరీరానికి అప్పటి అలవాటు పోయి ఉంటుంది.

క్యాన్సర్ రోగికి ఇచ్చే తీరు వేరు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి మెల్లగా పెంచుతారు. అలా పెంచినప్పుడు ఊపిరి మందగించేలోపే మగత కమ్ముతుంది. ఆ మగతే హెచ్చరిక. తెలిసిన నర్సు ఛాతీ కదలికను చూస్తూ, గడియారం దగ్గర పెట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. నొప్పి కూడా ఊపిరిని మందగించనివ్వదు. అందుకే రేడియేషన్‌తో నొప్పి ఒక్కసారిగా తగ్గితే మోతాదు కూడా తగ్గించాలి.

భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మార్ఫిన్ అవశేషాలు పేరుకుంటాయి. ఎవరో ఇచ్చిన ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్ర కలిపి మింగించడం ప్రమాదం. నొప్పికి ఒంటి మీద అంటించే ఫెంటానిల్ పట్టీ మీద వేడినీళ్ల సంచి పెడితే మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. తట్టి లేపినా లేవక, గురగురమంటూ గురక పెడుతూ, కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోతే "పాపం, ఇన్నాళ్లకి నిద్రపట్టింది" అని వదిలేయకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. నాలోక్సోన్ అనే విరుగుడు ఉంది.

"మార్ఫిన్ ఇచ్చారు, మర్నాడే పోయాడు" అనే మాట తరచూ వినబడుతుంది. నెలల తరబడి ఆపి ఆపి, ఆఖరి ఘడియల్లో ఇస్తే అలాగే కనబడుతుంది. అప్పటికే జబ్బు చంపేస్తున్న మనిషి చావు మందు ఖాతాలో పడుతుంది. అది విన్న పక్కింటివాళ్లు తమ తండ్రికి మరింత ఆలస్యం చేస్తారు. ఈ భయం తన సాక్ష్యాన్ని తానే పుట్టించుకుంటోంది.

చట్టమూ దీనికి తోడైంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తర్వాత లైసెన్సుల గొడవకి జడిసి చాలా ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో సవరించి నిబంధనలు సడలించారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ అనుమతితోనే మార్ఫిన్‌కి మూలమైన నల్లమందు పండిస్తున్నారు. అయినా 2017 నాటి లాన్సెట్ కమిషన్ లెక్కలో మన రోగులకు అందింది అవసరంలో 4 శాతమే. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగంలో మార్ఫిన్ మాత్రలు రాసిచ్చి రోగుల్ని ఇంటికి పంపుతున్నారు. జిల్లా ఆసుపత్రిలో ఎందుకు కుదరదో అక్కడి అధికారులు చెప్పాలి.