మూడు రోజుల క్రీము, మూడు నెలల ఓపిక

మొన్న ల్యాబ్ వైవాలో ఎగ్జామినర్ గారు మొదటి ప్రశ్న అడక్కముందే, "ఎందుకయ్యా అంత కంగారు? కాసిని మంచినీళ్లు తాగిరా" అన్నారు. నిజానికి నాకేం కంగారు లేదు. ఆ రోజు ప్రోగ్రామ్ కూడా మొదటి రన్‌లోనే అవుట్‌పుట్ ఇచ్చేసింది. ఎండలో నడిచొచ్చి మూడంతస్తులు ఎక్కానంతే. బుగ్గలు, ముక్కు కందిపోయి మండుతున్నాయి. దీని పేరు రోజేషియా. ఆ పేరు నోరు తిరగడానికే నాకు వారం పట్టింది.

రోజేషియా అంటే ముఖం మధ్యభాగంలో వచ్చే దీర్ఘకాలిక చర్మ సమస్య. చర్మం కింది సన్నటి రక్తనాళాలు తేలిగ్గా ఉబ్బుతాయి, మంట పుడుతుంది, కొందరికి చిన్న చిన్న పొక్కులు కూడా వస్తాయి. ఇది అంటుకోదు. ముఖం సరిగ్గా కడుక్కోకపోతే వచ్చేదీ కాదు. ఎండ, వేడి, కారం, వేడి టీ, టెన్షన్, ఇలా ఒక్కొక్కరికి ఒక్కోటి దీన్ని రెచ్చగొడుతుంది. తెల్లటి చర్మం మీద ఎరుపు వెంటనే కనబడుతుంది. మనలాంటి చామనఛాయ మీద అది కందినట్టో, కాస్త నల్లబడినట్టో ఉంటుంది. అందుకే చాలామంది మొటిమలే అనుకుంటారు. నేనూ ఏడాది పాటు అలాగే అనుకున్నా.

ఆ ఏడాదిలో ప్రతి ఒక్కరూ ఒక్కో సలహా ఇచ్చారు. పెద్దమ్మ శనగపిండి, నిమ్మరసం రుద్దమంది. రూమ్మేట్ తన స్క్రబ్ ఇచ్చాడు. రెండూ మంట పెంచాయి. "మగాడివి, మొహం గురించి ఇంత ఆలోచిస్తావేంట్రా" అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి ఒక మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఒక క్రీము చేతిలో పెట్టారు. రాసుకున్న మూడో రోజుకి ముఖం నున్నగా అయిపోయింది. ఇంటికి వీడియో కాల్ చేసి మరీ చూపించా. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

అందులో ఉన్నది స్టెరాయిడ్. అది రక్తనాళాలను కుదిస్తుంది, అందుకే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది. ముఖానికి వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. ఆపగానే మంట, ఎరుపు, పొక్కులు ముందుకన్నా ఎక్కువగా తిరిగొస్తాయి. మళ్లీ రాస్తాం, మళ్లీ తగ్గుతుంది. నేను ఆ లూప్‌లో రెండు నెలలున్నాను. 2018లోనే కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. రూల్ కాగితం మీద ఉంది, ట్యూబు మాత్రం నా బ్యాగులో ఉంది.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పాలి. జబ్బుతో ఉన్నవాళ్లకి అందరూ "ఆశ వదులుకోకు" అంటారు. నేను ఆశ వదులుకోలేదు. నా తప్పల్లా ఆ ఆశకి మూడు రోజుల గడువు పెట్టడం. రేపటికల్లా తగ్గిపోవాలి, ఫెస్ట్ ఫొటోల్లో బాగుండాలి అనే తొందరే నన్ను ఆ క్రీము దగ్గరికి తీసుకెళ్లింది. తొందరపడే ఆశని అమ్ముకునేవాళ్లు మన చుట్టూ బోలెడుమంది.

స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ మొదట చెప్పిన మాట, "ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకునే జబ్బు." ఆ రాత్రి హాస్టల్ టెర్రస్ మీద చాలాసేపు ఒక్కణ్నే కూర్చున్నా. తర్వాత మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయనకి ఎన్నో ఏళ్లుగా షుగర్. పోతుందని ఆయన ఎదురుచూడరు. పొద్దున్నే నడక, వేళకి మాత్ర, మనవళ్లతో పేకాట. ఆయన్ని చూసి ఎవరూ ఆశ లేని మనిషి అనరు.

రోజేషియాకి మందులున్నాయి. మెట్రోనిడజోల్, అజెలాయిక్ యాసిడ్, ఐవర్‌మెక్టిన్ లాంటి పూతమందులు, అవసరమైతే తక్కువ డోసు డాక్సీసైక్లిన్. ఎవరికి ఏది అన్నది డాక్టరే చెప్పాలి. వీటిలో ఏదీ మూడు రోజుల్లో పనిచెయ్యదు. తేడా కనబడటానికి వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలు కూడా. స్టెరాయిడ్ ఆపినప్పుడు మొదటి వారాల్లో ఇంకా రెచ్చిపోతుంది. నాకూ అలాగే అయింది, రెండుసార్లు పాత ట్యూబు మూత తీశా కూడా. అందుకే దాన్ని ఎలా ఆపాలో కూడా డాక్టర్‌నే అడగాలి. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటే అదీ దాచకుండా చెప్పాలి, రోజేషియా కళ్లకీ రావచ్చు.

ఆ వారాలు గడపడానికి నాకు సాయం చేసింది మన డీబగ్గింగ్ అలవాటే. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలీదు కదా. ఫోన్‌లో రోజూ రెండు లైన్లు రాశా: ఏం తిన్నా, ఎండలో ఎంతసేపున్నా, మంట ఎంత. నెల తర్వాత చూస్తే నా విషయంలో కారం కన్నా వేడే అసలు సమస్య. ఆవకాయ తింటే ఏమీ కాదు, పొగలు కక్కే సాంబారు పోసుకుంటే మాత్రం అయిపోయానన్నమాట! అద్దం రోజుకి పదిసార్లు చూడటం మానేసి, ఆదివారం ఒకే కిటికీ దగ్గర, ఒకే టైముకి ఒక ఫొటో తీస్తున్నా. ఇప్పటికి తొమ్మిది ఫొటోలున్నాయి. మొదటిదానికీ తొమ్మిదోదానికీ తేడా ఉంది. ఎనిమిదికీ తొమ్మిదికీ లేదు. వైవా రోజున కందింది కూడా ఈ తొమ్మిదో వారంలోనే.

మీ పక్క బెంచీలో ఇలాంటి ముఖం కనిపిస్తే "ఏమైందిరా?" అని అందరి ముందూ అడక్కండి. క్రీము పేరు చెప్పకండి. మీకే ఉంటే మెడికల్ షాపు దాటి స్కిన్ డాక్టర్ దాకా వెళ్లండి. కాలేజీ డిస్పెన్సరీలో అడిగితే గవర్నమెంట్ ఆస్పత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో చెబుతారు. తోడు కావాలంటే నేనొస్తా. మెస్‌లో టీ చల్లారేదాకా ఊదుకుంటూ కూర్చునేవాణ్ని నేనే.