ఊరికి టికెట్టు సరే, ఊరోళ్లేరీ?

కొండ మీద పాత ఊరు. లోయ మీదుగా సన్నటి కాలినడక వంతెన. రాతి గోడల పొంటి పూలకుండీలు. ఇటలీలో, రోమ్‌కు ఉత్తరాన ఉన్న ఆ ఊరు చివిత ది బాన్యోరేజో. చూసొచ్చిన వాళ్లంతా అబ్బ, ఎంత అందం అంటారు. ఆ అందం వెనుక గోస ఎవరికి పట్టింది?

ఎత్రుస్కన్లు రెండున్నర వేల ఏండ్ల కింద కట్టుకున్న ఊరది. అడుగున బంకమట్టి, పైన అగ్నిపర్వతం కక్కిన మెత్తటి రాయి. వానలకు మట్టి కొట్టుకుపోతుంది, పైరాయి అంచులు విరిగిపడతాయి. 1695 భూకంపం తర్వాత పాలన కార్యాలయం పక్కనున్న బాన్యోరేజోకు తరలింది. బిషప్ పోయాడు. జనమూ వలసబోయారు. ఆఖరికి 'చచ్చిపోతున్న ఊరు' అనే పేరు మిగిలింది.

2013లో ఊరు చూడటానికి టికెట్టు పెట్టారు. ఒకటిన్నర యూరోతో మొదలై తర్వాత ఐదు యూరోలకు ఎక్కింది. అయినా ఏడాదికి లక్షల మంది వచ్చారు. ఏడాది పొడుగునా అక్కడ కాపురముండేవాళ్లు ఇరవై మంది కూడా లేరు!

టికెట్టు మీద మాకు పేచీ లేదు. చూసేవాడు పైసలు కట్టాలి, ఆ పైసలు అక్కడి జనానికే దక్కాలి. బాన్యోరేజోలో ఆ రాబడితో స్థానిక పన్నుల భారం తగ్గింది, కొలువులు దొరికాయి. మంచిదే.

మా పేచీ అంతా 'ఊరు బతికింది' అనే మాట మీదనే. బతికింది రాళ్లు. ఇండ్లు బస గదులైనాయి, ఉన్నోళ్ల సెలవు విడుదులైనాయి. పదిమంది ఉన్నచోట బడి నడుస్తుందా? కిరాణం దుకాణం నడుస్తుందా? కూలే కొండ మీద మనుషులెట్ల ఉంటారని కొందరు అడుగుతారు. మరి అదే కొండ మీద హోటళ్లెట్ల నడుస్తున్నాయి? టూరిస్టును మోసే కొండకు కాపురం బరువైందా?

టికెట్టు రాబడిలో మొదటి వాటా కొండను నిలబెట్టడానికి, రెండో వాటా అక్కడ కాపురముండే కుటుంబాల ఇండ్లకు, కిరాయిలకు పోవాలని మేమంటాం. ఊళ్లో పుట్టిన బిడ్డ ఊళ్లోనే ఉండగలగాలి. అది లేకుంటే ఎంత మరమ్మతు చేసినా అది బొమ్మల కొలువే.

చదువుకో, కొలువు పని మీదో అటు పోయే మిత్రులారా! ఫోటోలు దిగండి, తప్పులేదు. పొద్దుగూకి టూరిస్టులు వంతెన దిగినంక, కాపురమున్న ఇండ్లల్లో దీపాలెన్ని వెలుగుతున్నాయో లెక్కబెట్టండి. ఊరు బతికిందో లేదో ఆ లెక్కే చెబుతుంది.